ఉప్పు చాలదన్న యంత్రం

ఇప్పిలి సింహాచలం మాస్టారిని ఎవరు ఏ ప్రశ్న అడిగినా ఆయన నోట ముందు వచ్చే మాట ఒకటే: "చెప్పులేసుకో." ముప్పై ఏళ్ళు ఐటీఐలో కరెంటు పని నేర్పి రిటైరయ్యాక కూడా ఆయన దగ్గరికి శిష్యులు రావడం మానలేదు, ఆయన కూర్చున్న చోటు నుంచి జవాబు చెప్పడమూ మొదలుపెట్టలేదు. ప్రశ్న ఎక్కడ పుట్టిందో అక్కడికి వెళ్ళి చూడాల్సిందే. ఎండా వానా లెక్కలేదు. ఆయన వెనక తిరిగి నేను ఎన్ని జతల చెప్పులు అరగదీశానో నాకే తెలియదు. నేర్చుకున్నవాటిలో సగం మరిచిపోయాను కూడా. ఈ ఒక్కటి మాత్రం మరిచిపోవడం నా వల్ల కాలేదు.

ఒక శనివారం ఉదయం మాస్టారు వీధి అరుగు మీద కూర్చుని ఉప్మా తింటుంటే కోరాడ శశికళ వచ్చింది. మా అందరిలోకీ చురుకైన శిష్యురాలు. ఏ యంత్రం పుస్తకమైనా ఒకసారి చదివితే చాలు, పేజీ నంబరుతో సహా ఒప్పజెబుతుంది. ఆ సంగతి ఆమెకీ తెలుసు, అదే కొంచెం చిక్కు. ఆ రోజు మాత్రం ముఖం పీక్కుపోయి ఉంది.

"మాస్టారూ, ఎంత ఇచ్చినా చాలదు చాలదు అనేవాళ్ళకి ఇంకేం ఇవ్వాలండీ?"

అత్తగారితో ఏదో గొడవ కాబోలనుకుని నేను మర్యాదగా పక్కకు జరగబోయాను. తీరా చూస్తే ఆమె ఏడుపు ఒక యంత్రం గురించి.

సముద్రపు ఒడ్డున ఒక ఈత కేంద్రం ఉంది. అక్కడి కొలనులో క్లోరిన్ పొడి కలపరు. నీళ్ళలో కాస్త ఉప్పు వేస్తారు. గొట్టం మధ్య అమర్చిన ఒక యంత్రం ఆ ఉప్పు నీళ్ళలోకి కరెంటు పంపి, అప్పటికప్పుడు క్లోరిన్ తయారుచేస్తుంది. దాని బాగోగులు చూసేది శశికళే. పది రోజులుగా ఆ యంత్రం మీద ఎర్ర దీపం వెలిగి 'ఉప్పు తక్కువ' అంటోంది. పుస్తకంలో రాసినట్టే ఆమె ఉప్పు వేయించింది. మర్నాడు మళ్ళీ ఎర్ర దీపం. మళ్ళీ ఉప్పు. అలా పద్నాలుగు బస్తాలు ఆ కొలను మింగేసింది. క్లోరిన్ మాత్రం తయారు కావడం లేదు, గోడలకి జారుడు పట్టింది, నీళ్ళు పచ్చబడుతున్నాయి.

"రేపు పొద్దున్నే పోటీ ఉందండీ. నీళ్ళు పరీక్షలో నెగ్గకపోతే ఎవర్నీ దిగనివ్వరు. రత్నమక్క ఏడాది కష్టం నా చేతుల్లో పోయేలా ఉంది," అంది శశికళ. 

చోడిపల్లి నూకరత్నాన్ని ఆ తీరంలో ఎరగనివాళ్ళు లేరు. చేపల బోటు మీద వల లాగే చక్రంలో ఇరుక్కుని ఎడమకాలు మోకాలి కిందకి పోయింది. మంచం దిగిన ఆరో నెలకే ఈ కొలనులో దిగింది. వికలాంగుల జాతీయ ఈత పోటీలకి జట్టుని ఎంపిక చేసే పోటీ ఆదివారం ఉదయం ఆ కొలనులోనే. యాభై మీటర్లు, నలభై ఆరు సెకన్లలోపు. ఆ సాయంత్రమే జాబితా వెళ్ళిపోతుంది. ఆ తర్వాత ఎంత బాగా ఈదినా వచ్చే ఏడాది దాకా ఆగాల్సిందే.

మాస్టారు ప్లేటు పక్కన పెట్టారు. "చెప్పులేసుకో," అన్నారు.

అక్కడికి వెళ్ళేసరికి ఎర్ర దీపం దర్జాగా వెలుగుతోంది. మాస్టారు దానికేసి చూడనైనా చూడలేదు. నేరుగా కొలను గట్టుకు వెళ్ళారు. కృత్రిమ కాలు విప్పి పక్కన పెట్టుకుని నూకరత్నం ఆ నీళ్ళకేసే చూస్తూ కూర్చుని ఉంది. ఆయన ఆమె పక్కనే చతికిలబడ్డారు.

"నీళ్ళెలా ఉన్నాయమ్మా?"

"ఏటి సెప్పమంటారు బాబూ! ఊరేసిన సేపని కడిగిన నీళ్ళలాగున్నాయి. నోట్లో పోతే కక్కొస్తంది. మంగళారమే సెప్పినాను ఈ అమ్మకి, ఉప్పెక్కువైపోనాదని. ఆ డబ్బాకేసి సూపించి నవ్వేసినాది."

శశికళ తల దించుకుంది.  "ఉప్పు కొలిచే పట్టీలు నీ సంచీలో ఉండాలే," అన్నారు మాస్టారు. ఉన్నాయి, సీలు కూడా విప్పలేదు. యంత్రమే కొలిచి చెబుతుంటే వీటితో పనేమిటనుకుందట. ఒక పట్టీ తీసి నీళ్ళలో ముంచింది. రంగు ఉండాల్సిన గీత దాటి, ఇంకా దాటి, పైకి పాకింది.  ఆమెను చూస్తే నాకు జాలేసింది.

"అంటే యంత్రం అబద్ధం చెబుతోందా మాస్టారూ?"

"దానికంత తెలివెక్కడిది! అది ఉప్పుని చూడదు. తన రేకుల మధ్య ఎంత కరెంటు పారిందో చూసి, ఉప్పు ఇంతుందని అనుకుంటుంది. విప్పి చూడు."

కరెంటు ఆపి, గొట్టం మధ్యలోంచి రేకుల పెట్టె బయటకు తీశారు. లోపల చూసి నేను అబ్బో అన్నాను. ఇసక నేల బోరు నీళ్ళు పోసే కొలను కదా, రేకుల నిండా సున్నం కట్టి, వేణ్ణీళ్ళ కాగు అడుగులా తయారైంది. రేకుకీ రేకుకీ మధ్య సందే లేదు. చుట్టూ కావలసినంత ఉప్పు ఉన్నా ఆ సున్నం దాటి కరెంటు పారే దారి లేదు. దారి లేక యంత్రం ఉప్పు లేదంటోంది. ఈ అమ్మాయేమో ఇంకా పోయిస్తోంది.

శశికళ గబుక్కున స్క్రూడ్రైవర్ అందుకుంది. మాస్టారు ఆమె మణికట్టు పట్టుకున్నారు.

"గీకావో, పైపూత ఊడి రేకులే పోతాయి. మెల్లగా."

చేతులకి తొడుగులు వేయించారు. ప్లాస్టిక్ బకెట్లో ముందు నీళ్ళు, ఆ తర్వాతే యాసిడ్, అదీ కొంచెం కొంచెంగా. రేకుల పెట్టె ముంచగానే బుసబుసమని నురగ లేచింది. శశికళ బకెట్ ముందు నుంచి కదల్లేదు. నురగ తగ్గుతున్నకొద్దీ రేకులు ఒక్కొక్కటే విడివిడిగా, నల్లగా బయటపడ్డాయి. పావుగంట పట్టింది. మంచినీళ్ళతో కడిగి, మళ్ళీ బిగించి, స్విచ్ వేసింది.

దీపం మళ్ళీ ఎర్రగానే వెలిగింది. శశికళ ముఖంలో నెత్తురు చుక్క లేదు. దగ్గరికి వెళ్ళి, అద్దం మీది అక్షరాలు చదివి, ఒక్కసారిగా పగలబడి నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"'ఉప్పు ఎక్కువ' అంటోంది మాస్టారూ!"

"ఇప్పుడు దాని మాట నమ్మొచ్చు," అన్నారాయన.

ఆ రోజంతా ఏం పని చేశామో ఆ భగవంతుడికి తెలియాలి. కొలనులో అయిదో వంతు నీళ్ళు తోడి పారబోశాం. ట్యాంకర్ల మీద ట్యాంకర్లు మంచినీళ్ళు తెప్పించాం. బ్లీచింగ్ పొడి చల్లేద్దామని ఎవరో అంటే మాస్టారు ఒప్పుకోలేదు. నీళ్ళు తెల్లగా మబ్బు పట్టి, పొద్దుటికి అడుగున గీతలు కనబడవన్నారు. కబురు ఎలా వెళ్ళిందో, జాలరిపేట నుంచి పాతికమంది ఆడవాళ్ళు చీపుళ్ళతో దిగి గోడల జారుడు తోమిపారేశారు. నూకరత్నం గట్టు మీదనుంచి అందరినీ కేకలేస్తూ తోమించింది. పొద్దు వాలేవేళకి పచ్చదీపం వెలిగింది. అది వెలిగిన క్షణాన అక్కడ లేచిన గోల సముద్రం హోరుని మింగేసింది.

ఆదివారం ఉదయం పరీక్షకి వచ్చిన అధికారి గాజు గొట్టంలో నీళ్ళు పట్టి మందు చుక్కలు వేశాడు. క్లోరిన్ సరిపడా ఉందన్నట్టు నీళ్ళు చక్కటి పసుపు రంగుకి తిరిగాయి. ఆయన గొట్టాన్ని ఎండకెత్తి చూసి, కొలను అడుగున నల్ల గీతలు చూసి, సంతకం పెట్టాడు.

నూకరత్నం దూకిన తీరు నేను చెప్పలేను. అవతలి గోడ తన్ని తిరిగేసరికే అందరికంటే ముందుంది. ఆ తర్వాత ఆమెకి పోటీ గడియారం ఒక్కటే. నలభై నాలుగు సెకన్లు! పేటవాళ్ళు ఈలలు, కేకలు, ఒకాయన డప్పు కూడా తెచ్చాడు. ఆమె గట్టు పట్టుకుని తల పైకెత్తి, జనంలో శశికళని వెతికి పట్టుకుంది.

"నీళ్ళు బాగున్నాయమ్మా!" అని అరిచింది.

నా గుండె ఉప్పొంగిపోయింది. సిగ్గుపడకుండా ఏడ్చాను. శశికళ ఉరికి వెళ్ళి బట్టలతోనే కొలనులోకి దిగిపోయి ఆమెను వాటేసుకుంది.

జనం పల్చబడ్డాక, తడి బట్టలతోనే మాస్టారి దగ్గరికి వచ్చి నిలబడింది. సంతోషం ముఖంలో పొంగుతూనే ఉంది గానీ, దాని వెనక ఇంకేదో ఉంది.

"రత్నమక్క నాకు మంగళవారమే చెప్పింది మాస్టారూ. ఎదురుగా నిలబడి చెప్పింది. నాకెందుకు వినబడలేదండీ?"

మాస్టారు ఆమెకేసి ఎంతో ఇష్టంగా చూశారు.

"సున్నం ఒక్కరోజులో పట్టదమ్మా," అన్నారు. "వదలడానికి మాత్రం పావుగంట చాలింది, చూశావుగా."