దొరుకుడు కొట్టులో మహారాజుగారి శాలువా

దొరికిన సొత్తు దొంగసొత్తు కాకూడదని ప్రచండవర్మ మహారాజు తన రాజ్యంలో ఒక చట్టం చేశాడు. ఎవరికి ఏ వస్తువు దొరికినా తెచ్చి కోట పక్కనున్న దొరుకుడు కొట్టులో అప్పగించాలి. పోగొట్టుకున్నవాడు ఏడాదిలోగా వచ్చి గుర్తులు చెప్పి పట్టుకుపోవాలి. గడువు దాటితే అది రాజుగారిది.

చట్టం మంచిదే. చిక్కంతా గుర్తుల దగ్గరే వచ్చింది. వస్తువును చూడకుండా, ముట్టకుండా దాని పొడవు, బరువు, మీదున్న మచ్చలు పొల్లుపోకుండా చెప్పాలని మహారాజు స్వహస్తాలతో రాసి కొట్టు గోడకు కట్టించాడు. "మా రాజ్యంలో దొరికిన సూది కూడా ఎక్కడికీ పోదు" అని వచ్చిన అతిథులందరికీ చెప్పుకుని మురిసిపోయేవాడు. నిజమే, ఎక్కడికీ పోయేది కాదు. సొంతదారు ఇంటికి కూడా.

సన్నాయి గవరయ్య ఆ చట్టానికి చిక్కినవాడు. నిరుటి వానల్లో పడవ ఒరిగి, తండ్రి చేసిచ్చిన సన్నాయి ఏట్లో పడిపోయింది. అది ఒక జాలరి వలకు తగిలితే, అతను బుద్ధిగా తెచ్చి కొట్టులో అప్పగించాడు. గవరయ్య తొమ్మిదిసార్లు వెళ్ళాడు. కొట్టు చూసే పారుపత్తెదారు తొమ్మిదిసార్లూ ఒకటే అడిగాడు.

"పొడవెంత? బరువెంత?"

"ఊదేవాణ్ణి బాబుగారూ, తూచేవాణ్ణి కాను. ఒక్కసారి చేతికివ్వండి, నాదో కాదో నా వేళ్ళే చెబుతాయి."

"గుర్తులు చెప్పందే ముట్టకూడదు. రాజాజ్ఞ."

ఏడాదిగా గవరయ్య అరువు సన్నాయితో నెట్టుకొస్తున్నాడు. అది పలకాల్సిన చోట పలకదు. పెళ్ళిళ్ళవాళ్ళు పిలవడం మానేశారు. ఆరోజు పొద్దుగూకితే గడువు తీరిపోతుంది, సన్నాయి వెళ్ళి రాజుగారి గోడకు వేలాడుతుంది. పొద్దున్నే పదోసారి వెళ్ళి వట్టిచేతులతో తిరిగొచ్చి అతను చాకిరేవులో కూలబడ్డాడు. నాన్న చేతి పనికి బూజు పడుతుందని తనలో తానే గొణుక్కున్నాడు.

రేవులో కోట బట్టలు ఉతికే సూరమ్మ సంగతంతా విన్నది. ఆమె పక్కన రాయిమీద ఎర్రంచు జరీ శాలువా ఒకటుంది. ముందురోజు ఊరేగింపులో మహారాజుగారి భుజం మీదనుంచి గాలికెగిరి, ముళ్ళకంపకు చిక్కుకుని ఆమెకు దొరికింది. కోటలో ఇచ్చేద్దామని తీసిపెట్టింది.

"లే అన్నా. నాకూ ఒకటి దొరికింది. చట్టప్రకారం అప్పగించొద్దాం పద" అంది.

శాలువా కొట్టులో ఉందన్న కబురు మధ్యాహ్నానికల్లా కోటకు చేరింది. సాయంత్రం కొలువుకు ఆ శాలువాయే కావాలి. మహారాజు పల్లకిలో తానే వచ్చి కొట్టు ముందు దిగాడు.

"నా శాలువా ఇటు తే!"

పారుపత్తెదారుకు ముచ్చెమటలు పోశాయి. ఇస్తే ఆజ్ఞ మీరినట్టు, ఇవ్వకపోతే తల పోయినట్టు. సూరమ్మ ముందుకొచ్చి దండం పెట్టింది.

"అది దొరికింది నాకే, ఏలినవారూ. గుర్తులు చెప్పించుకోకుండా ఇస్తే తమరి చేతిరాతకే అవమానం."

"ఎర్రంచు! జరీ! చాలా?"

"కోటలో నేనుతికే ఎర్రంచు శాలువాలే పద్దెనిమిదున్నాయి దొరా. మూలనున్న జీడి గుర్తేమిటో సెలవివ్వండి."

"జీడి గుర్తా? అదేమిటి?"

"ఎవరి బట్ట ఏదో కలిసిపోకుండా, రేవుకొచ్చిన ప్రతి బట్టకూ మూలన జీడిగింజ రసంతో గుర్తు పెడతాం. ఎంత ఉతికినా పోదు. తమరి బట్టలకు ఇరవయ్యేళ్ళుగా ఒకటే గుర్తు."

మహారాజు మీసం మెలేశాడు. ఇరవయ్యేళ్ళలో ఆ మూల ఆయన కంట పడితేగా!

"గుర్తెవడిక్కావాలే! కళ్ళకు గంత కట్టి భుజాన వెయ్యి, నాదో కాదో నా మెడే చెబుతుంది. ఎడంవైపు జరీపోగొకటి లేచి గుచ్చుకుంటుంది!"

"చిత్తం. ఈ గవరయ్యన్నా ఏడాదిగా అదే మొరపెట్టుకుంటున్నాడు. మెడకు బదులు వేళ్ళంటున్నాడు, అంతే తేడా."

తనవల్ల సూరమ్మ తల పోతుందేమోనని గవరయ్య భయపడ్డాడు. మహారాజు గోడమీది తన రాతను ఒకసారి చదువుకున్నాడు. చివరికి గొంతు సవరించుకుని, "గంతలు తెండి. ఆ సన్నాయి కూడా తెండి" అన్నాడు.

కోటనుంచి అలాంటివే మరో రెండు తెప్పించి, మహారాజు కళ్ళకు గంత కట్టి, మూడు శాలువాలూ ఒక్కొక్కటిగా భుజాన వేసి చూశారు. మూడోది మెడకు తగలగానే ఆయన "ఆఁ! ఇదే!" అని అరిచాడు. తర్వాత సన్నాయి వంతు. ముందుగా కోటనుంచి పిలిపించిన ఆస్థాన విద్వాంసుడికిచ్చారు. పాపం, ఆయన ఎంత ఊదినా కీచుమంది. గవరయ్య అందుకున్నాడు. చేతికి రాగానే వేళ్ళు వాటి చోట్లు అవే వెతుక్కున్నాయి. ఏడాది దిగులంతా మోహన రాగంలో కరిగి బయటికొచ్చింది. పల్లకి బోయీలు కూడా తలలూపారు.

మహారాజు సన్నాయిని తిప్పి చూశాడు. నాలుగో రంధ్రం అంచు ఒకవైపు పెచ్చూడి ఉంది. "ఇంత మచ్చుంటే చెప్పవేమోయ్?"

"ఇప్పుడే చూస్తున్నాను, మహాప్రభూ! నా వేలు అక్కడ పక్కకెందుకు వాలుతుందో ఇన్నాళ్ళూ నాకే తెలీదు" అంటూ గవరయ్య కళ్ళొత్తుకున్నాడు.

మహారాజుకు తన గుర్తు చూసుకోవాలనిపించింది. శాలువా మూల విప్పాడు. అక్కడ చక్కగా ఒక గాడిద చెవి బొమ్మ ఉంది.

"సూరమ్మా! ఏమిటే ఇది?"

"అపరాధం క్షమించాలి, ఏలినవారూ. ఊరందరి బరువూ మోస్తూ, ఒక్క గుడ్డ కూడా పోనివ్వనిది మా గాడిదే. అంత గొప్ప గుర్తు ఇంకెవరికి పెట్టను?"

మహారాజు ముందు ఉరిమి చూశాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వుతూనే గోడమీది రాత పీకించి, మెడలోని హారం తీసి సూరమ్మకిచ్చి, దానితోపాటు దొరుకుడు కొట్టు తాళాలూ ఆమె చేతిలో పెట్టాడు. నెల తిరక్కుండా కొట్టు సగానికి సగం ఖాళీ అయింది.

గవరయ్య మాత్రం ఇల్లు చేరేదాకా కూడా ఆగలేదు. పడవ ఎక్కుతూనే సన్నాయికి తాడు కట్టి, దాని రెండో కొస నడుముకు రెండు చుట్లు చుట్టుకుని, అవతలి ఒడ్డు దాకా ఊదుతూనే వెళ్ళాడు.