తవిటయ్య ఎసరు

మన తాతల తాతలకి ఇంకా పాలపళ్లు రాని రోజులవి. సముద్రం ఒడ్డున ఒక ఊరు, ఆ ఊళ్లో గురివమ్మ అని ఒక మంత్రసాని. ఎవరికి నొప్పులొచ్చినా ఆమే, ఆమె కొడవలే. పొద్దున ఆ కొడవలితోనే గడ్డి కోసేది, దాన్నే పేడతో రుద్ది బొడ్డు కోసేది. పేడ పవిత్రం కదా మరి!

పుట్టిన బిడ్డల్లో సగంమంది తొమ్మిదో రోజుకి దవడలు బిగుసుకుని పోయేవారు. గాలి సోకిందనేవారు. గురివమ్మ సొంత బిడ్డలూ ముగ్గురు అలాగే పోయారు. నాలుగోవాణ్ని దిష్టి తగలకుండా పక్కింటావిడకి చేటెడు తవుడుకి అమ్మినట్టు చేసి, మళ్లీ తెచ్చుకుంది. వాడు బతికాడు. అందుకే తవిటయ్య అయ్యాడు.

తవిటయ్యకి చిన్నప్పట్నించీ ఒకటే పంతం. ఆ ముగ్గురూ ఎందుకు పోయారు? ఎవర్నడిగినా గాలి, గాలి, గాలి. సరేనని ఓడెక్కి సముద్రం అవతలి దేశం పోయాడు. మూడేళ్లు ఆసుపత్రి గచ్చు కడిగాడు. మూడేళ్లు అక్షరాలు దిద్దాడు. మూడేళ్లు వైద్యం చదివాడు. అక్కడే ఉంటే దొరలా బతికేవాడే. ఉంటాడా! వచ్చేశాడు.

వచ్చి, కొడవలిని ఉడకబెట్టి కోయండర్రా అని ఊరంతా తిరిగి చెప్పాడు. అన్నం వండే కుండలో ఇనుమేమిటని పెద్దలు తిట్టిపోశారు. మొదటి పురిటింటికి వెళ్తే తలుపేశారు. తొమ్మిదో రోజున ఆ బిడ్డ పోయింది. రెండో ఇంటికి వెళ్తే తలుపేశారు. తొమ్మిదో రోజున ఆ బిడ్డా పోయాడు. ఈలోగా అతనికి పెళ్లయింది. మూడో పురుడు తన ఇంట్లోనే, పెళ్లాం నూకాలుకి.

గురివమ్మ పేడ ముద్ద తీసుకుంది. తవిటయ్య ఆమె చెయ్యి పట్టుకున్నాడు. అమ్మకి ఆ మాట చెప్పడం కంటే మళ్లీ సముద్రం దాటడమే తేలికనిపించింది.

"నేను పుట్టిననాడు ఈ కొడవలి ఎక్కడుందమ్మా?"

"కమ్మరి కొలిమిలో. ఎర్రగా కాల్చి, కొట్టి, అప్పుడే ఇచ్చాడు. పేడ రుద్దీ ఏళ కూడా నేదు."

"నన్ను బతికించింది తవుడు కాదమ్మా. ఆ నిప్పు."

గురివమ్మ ఉన్నచోటే కూలబడింది. "అయితే ఆ ముగ్గుర్నీ సంపింది నానేట్రా?"

తవిటయ్య ఆమె చేతిలోంచి పేడ ముద్ద తీసి పక్కన పెట్టాడు. అబద్ధమాడలేదు.

"నీకు తెల్దమ్మా. ఏడుపు తరవాత. ముందు ఎసరెట్టు."

ఆమె లేచి ఎసరు పెట్టింది. కొడవలి కుతకుతా ఉడికింది. మనవరాలు పుట్టింది. తొమ్మిదో రోజంతా గురివమ్మ పచ్చి మంచినీళ్లు ముట్టకుండా పిల్ల దవడవంకే చూస్తూ కూర్చుంది. పదో రోజు తెల్లారేసరికి పిల్ల ఆకలేసి ఇల్లదిరేలా ఏడ్చింది. అప్పుడు ఏడ్చింది గురివమ్మ, పేర్లయినా పెట్టుకోని ఆ ముగ్గురి కోసం.

ఆ తరవాత ఎవరింట పురుడొచ్చినా కొడవలితో పాటు కుండ కూడా ఆమే మోసుకెళ్లేది. ఎవరైనా గొణిగితే, నా ముగ్గురి సంగతి చెప్పమంటారా అనేది. ఇంకెవరు నోరెత్తుతారు? తవిటయ్య ముసలివాడై పోయేనాటికి ఊరి నిండా పిల్లలే.

ఇప్పుడు ఆ ఊళ్లో మంత్రసానులు లేరు. అయినా నొప్పులు మొదలైతే, ఆసుపత్రికి ఆటో వచ్చేలోగా పొయ్యి వెలిగించి నీళ్లు పెడతారు. ఆ నీళ్లతో పనేం లేదు, అయినా పెడతారు. "తవిటయ్య ఎసరు పెట్టారా?" అని ఇంటి పెద్దావిడ అడిగాకే ఆటో కదులుతుంది.

పదో రోజు పొద్దున బిడ్డ ఏడిస్తే మాత్రం ఎవరూ వెంటనే ఎత్తుకోరు. గురివమ్మ వింటుందని కాసేపు ఏడవనిస్తారు.