పసుపు కలిపిన పిడికెడు

అనగనగా, రాజులూ రాజ్యాలూ లేని ఒక చిన్న ఊళ్లో దీనమ్మ అని ఒక ఇల్లాలు ఉండేది. చెయ్యి మంచిదే. ఆ కళ్లే, అబ్బో, పొద్దస్తమానం ఊరందరి గుట్టూ వెతుకుతూ ఉండేవి.

ఆ ఊరి చర్చిలో ఒక ఆచారం ఉంది. ఎసట్లో బియ్యం పోసే ముందు ప్రతి ఇల్లాలూ ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తుంది. శనివారం రూతమ్మ అనే ముసలమ్మ గంపతో వచ్చి ఆ బియ్యం పోగుచేసి, పొయ్యి వెలగని ఇళ్లకు చేరుస్తుంది. ఏ ఇంటికి చేరిందో ఎవరికీ చెప్పకూడదు. తీసుకునేవాళ్లు తలదించుకోకూడదని పెద్దలు పెట్టిన కట్టుబాటు అది.

దీనమ్మకు ఆ కట్టుబాటే మింగుడుపడలేదు. "దాచేది ఉంటేనే కదా నోరు మూసుకునేది" అనుకుంది.

మొదటి శనివారం చాటునుంచి చూసింది. గంప నిండగానే రూతమ్మ వెనక సందులోకి తిరిగి మాయమైంది. నిజాయితీ గలదైతే నడివీధిన నడవదేం అనుకుంది దీనమ్మ.

రెండో శనివారం ఎదురెళ్లి అడిగేసింది. "అత్తా, ఈ బియ్యం ఎవరికి?"

"ఆకలిగా ఉన్నవాళ్లకమ్మా" అని నవ్వి వెళ్లిపోయింది రూతమ్మ. అనుమానం పట్టినవాళ్లకు ఎదుటివాళ్లు నవ్వినా తప్పే, నవ్వకపోయినా తప్పే. దీనమ్మ తిన్నగా సంఘపెద్ద దగ్గరికి పోయి, "రేపు కాదు, పై ఆదివారం అందరి ముందూ దొంగను చూపిస్తాను. ఆ తర్వాత ఊళ్లో ఈ గంప తిరగదు" అని చెప్పి వచ్చింది.

మూడో శనివారం తన పిడికెడు బియ్యానికి పసుపు పట్టించి, కుండలోని మిగతా బియ్యంలో కలిపి రూతమ్మ గంపలో పోసింది. ముసలమ్మకు చూపు ఆనదు. గింజలు ఎక్కడ తేలితే అక్కడే దొంగతనం బయటపడుతుందని లెక్క.

కాసేపాగి, మజ్జిగ వంకతో రూతమ్మ ఇంటికి వెళ్లి వంటింట్లోకి తొంగిచూసింది. పొయ్యి మీద నూకల జావ ఉడుకుతోంది. కుండలో గానీ చేటలో గానీ ఒక్క పసుపు గింజ లేదు. "గట్టి మనిషే, ఎక్కడో అమ్మేసింది" అని గొణుక్కుంటూ వెనక సందు పట్టింది.

ఆ సందులో ఉన్నది తోడికోడలు కరుణమ్మ ఇల్లు. దీనమ్మకు పక్కిల్లే. గోడ దగ్గర తగవొచ్చి మూడేళ్లుగా మాటల్లేవు. మరిది నెలరోజులుగా జ్వరంతో మంచం పట్టాడని విన్నా, ముందు నేనెందుకు పలకరించాలని ఊరుకుంది.

పెరటి అరుగు మీద కరుణమ్మ చేట ముందు పెట్టుకుని పసుపు గింజలు ఏరుతోంది. చిక్కి సగమైపోయింది. దీనమ్మను చూసి, "రా అక్కా" అంది.

"మూడు వారాలుగా ఈ గంపే మాకింత తిండి పెడుతోంది. ఈసారి ఏ తల్లో అక్షింతలు కలిపి పంపింది. వీటిని వండబుద్ధి కాలేదు. పిల్లల మీద, ఆయన మీద వేశాను. ఎవరో మనల్ని తలుచుకుని దీవించారే అని ఆయన ఏడ్చారక్కా."

 దీనమ్మ సిగ్గుతో చచ్చిపోయింది.

"ఆ పసుపు నేను కలిపాను కరుణా. దీవెనకు కాదు. రూతమ్మత్తను దొంగని పట్టివ్వడానికి."

 కరుణమ్మ చేట పక్కకు జరిపి, "కూర్చో అక్కా. అన్నం ఉడుకుతోంది, ఒక ముద్ద తిని వెళ్దువుగాని" అంది.

ఆదివారం సంఘపెద్ద అడిగాడు, "దొంగ ఎవరమ్మా?" అని. దీనమ్మ లేచి, తాను చేసిన పనంతా అందరి ముందూ ఒప్పుకుని, రూతమ్మ కాళ్లు పట్టుకుంది. బియ్యం ఏ ఇంట్లో చూశావని ఎందరు ఎన్నిసార్లు అడిగినా ఆ పేరు మాత్రం చెప్పలేదు.

పొరుగువాడి తప్పు వెతికే కంటికి పొరుగువాడి ఆకలి ఆనదు. ప్రేమించే కంటికి ముందు కనబడేది ఆ ఆకలే.