పెద్దాయన గొంతూ, ఏకాదశి తీర్థమూ

వికృతి నామ సంవత్సరం, కార్తిక శుద్ధ ఏకాదశి, బుధవారం, మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలు. ఒంగోలులో కామావధాని గారి వసారాలో కంప్యూటరు ముందు కూర్చున్న శౌరికి చెమటలు పట్టాయి అప్పుడే.

అవధాని గారి గురువుగారిని ఆ ఇంట్లో అందరూ పెద్దాయన అంటారు. ఆయన చెప్పిన భాగవతాన్ని ఎప్పుడో క్యాసెట్ల నుంచి ఎక్కించి, బళ్ళారిలో ఒక కాలేజీ వాళ్ళ సర్వర్లో పెట్టారు. క్యాసెట్లు బూజుపట్టి పోయాయి. ఆ గొంతు ఇక అక్కడ తప్ప మరెక్కడా లేదు. పాతబడిన ఆ సర్వరును రేపు పొద్దున పదింటికి తీసేస్తామని కబురొచ్చింది.

శౌరి ఆ ఇంట్లోనే ఉండి అవధాని గారి దగ్గర భాగవతం నేర్చుకుంటున్నాడు. కంప్యూటర్లలో చెయ్యి తిరిగినవాడు.

"ఒక్కొక్కటీ నొక్కి దించుకోవడం దేనికండీ? నల్లతెర మీద ఒక్క కమాండు రాస్తే ఫోల్డర్లకు ఫోల్డర్లే నడిచొస్తాయి" అన్నాడు పొద్దున.

అన్నట్టే రాశాడు. వస్తున్నాయి. కానీ మనసు ఊరుకుంటేనా! తెరమీద పాతిక కిటికీలు తెరిచి పాతికింట్లోనూ ఒకేసారి పనిపెట్టాడు. మధ్యాహ్నానికి సర్వరుకు ఊపిరాడలేదు. వచ్చినవన్నీ మధ్యలో తెగిపోయాయి. అడిగిన ప్రతిసారీ, ఇప్పుడు కుదరదు, తర్వాత రమ్మంటోంది.

అంతలో ఫోను మోగింది. చీరాల నుంచి రుక్మిణమ్మ గారు, పెద్దాయన భాగవతం ఆ సర్వర్లోంచే పెట్టించుకుని వినే పెద్దావిడ.

"నాయనా, ఏకాదశి కదా, పెద్దాయన గొంతు విందామని కూర్చున్నాను. మా మనవరాలు నొక్కుతూనే ఉంది, గిరగిరా తిరుగుతోందే గానీ పలకడం లేదు."

"నెట్ బాగా లేదేమో మామ్మగారూ" అని పెట్టేసి, శౌరి ఇంకో పది కిటికీలు తెరిచాడు.

అవధాని గారు పడక్కుర్చీలోంచి అడిగారు. "రుక్మిణమ్మ గారా?"

"అవునండీ. ముందు మనకి రానిద్దాం. తర్వాత ఆవిడకి సీడీ చేసి పంపుతాను."

ఆయన స్నానానికి లేచారు.

సాయంత్రం పూజయ్యాక తీర్థానికి శౌరి ముందు చెయ్యి పట్టాడు. వెనక అవధాని గారి భార్య శ్యామలాంబ గారు, ఆ వెనక పక్కింటి దంపతులు. పొద్దుట్నుంచీ ఉపవాసాలు.

అవధాని గారు ఉద్ధరిణి పక్కన పెట్టారు. పంచపాత్ర ఎత్తి, నీళ్ళన్నీ శౌరి చేతిలో వంచేశారు. ముంజేతి మీదుగా కారి పంచె తడిసింది. తులసిదళాలు నేలమీద పడ్డాయి.

"అయ్యో, ఏకాదశి తీర్థం నేలపాలు చేశారేవిటండీ!" అన్నారు శ్యామలాంబ గారు.

"నేలకెందుకు పోస్తాను? శౌరికే పోశాను."

శౌరి అరచేతిలో మిగిలింది చూసుకున్నాడు. ఎప్పుడూ ఉండేటంతే ఉంది. వెనక్కి తిరిగాడు. ముగ్గురూ చేతులు చాచి నిలబడే ఉన్నారు.

ఆ చేతిలోది తాగి, తడిపంచెతోనే వసారాలోకి వెళ్ళాడు. ఒక్క కిటికీ ఉంచి మిగతావన్నీ మూసేశాడు. కమాండు తిరిగి రాశాడు. ఒకటి అడగాలి, అది వచ్చాక కాసేపు ఆగాలి, ఆ తర్వాతే రెండోది. తెగినవాటిని తెగిన చోటు నుంచే అందుకోవాలి. చీరాలకు తనే ఫోను చేసి, "తప్పు నాదే మామ్మగారూ, ఇప్పుడు నొక్కించండి" అన్నాడు. కాసేపటికి సర్వరు పలికింది.

"ఈ లెక్కన రేపటికి అందుతాయంటారా?" అని అడిగాడు గురువుగారిని.

"అందుతాయి. వెళ్ళి పడుకో."

మర్నాడు ద్వాదశి. సూర్యోదయానికల్లా చివరి ఫైలూ వచ్చేసింది. శ్యామలాంబ గారు పారణకు అవిసాకు కూర, ఉసిరికాయ పచ్చడి చేసి వసారాలోనే విస్తళ్ళు వేశారు. అందరూ కూర్చున్నాక శౌరి మొదటిరోజు ప్రసంగం పెట్టాడు. పెద్దాయన గొంతు సవరించుకోవడంతో సహా వినబడింది. శ్యామలాంబ గారు వడ్డించే గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

అది అయిపోగానే రెండోది పెట్టబోయి శౌరి చెయ్యి చాచాడు.

"ముందు విస్తట్లోది తిను నాయనా" అన్నారు అవధాని గారు.

శౌరి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. భోజనాలయ్యాక అందరూ మళ్ళీ కంప్యూటరు ముందు చేరి, ఆ మొదటిరోజుదే ఇంకోసారి విన్నారు.