రెండో తువ్వాలు

విజయనగరంలో మృదంగం ముక్తేశ్వరం మాస్టారు ఏ కచేరీకి వెళ్ళినా రెండు తువ్వాళ్ళు పట్టుకెళ్ళేవారు. జరీ అంచుది భుజం మీద వేసుకునేవారు, అది జనం చూడటానికి. రెండోది పాతది, వెలిసిపోయింది. దాన్ని మడిచి మృదంగం చాటున ఒళ్ళో పెట్టుకునేవారు. అదెందుకని ఎవరూ అడగలేదు. ఎనిమిదేళ్ళుగా ఆయన దగ్గర నేర్చుకుంటున్న పైడిరాజు కూడా అడగలేదు. అతనికి చెప్పుకోవలసిన సొంత గోడు వేరే ఉంది.

ఆ గోడు అరచేతులది. మామూలు రోజుల్లోనే పైడిరాజు చేతులు చెమ్మగా ఉండేవి. ఉద్యోగానికి ఇంటర్వ్యూ అంటే ఇక చెప్పక్కర్లేదు, వేళ్ళ చివర్ల నుంచి బొట్లు రాలేవి. మొదటి ఇంటర్వ్యూలో పెద్దాఫీసరు అతనితో చెయ్యి కలిపి, ఆ చేతిని మెల్లిగా బల్ల కిందికి దించి ప్యాంటుకి తుడుచుకున్నాడు. పైడిరాజు అది చూడనే చూశాడు. అక్కడితో బుర్ర పనిచెయ్యడం మానేసి, తండ్రి పేరు అడిగితే తాత పేరు చెప్పి వచ్చాడు. రెండో ఇంటర్వ్యూలో జేబుల్లోంచి చేతులు తియ్యలేదు. పొగరుబోతు అనుకుని పంపించేశారు. మూడోది రేపు, ఊళ్ళోనే ఉన్న విత్తనాల కంపెనీలో. ఇదీ పోతే హైదరాబాదులో మేనమామ దుకాణానికి వెళ్ళిపోవాలని ఇంట్లో తేల్చి చెప్పేశారు. అంటే మృదంగానికి నీళ్ళొదులుకోవడమే.

ఆ పొద్దున్న పాఠం అయ్యాక పైడిరాజు రెండు చేతులూ గురువుగారి ముందు చాపాడు.

"మాస్టారూ, ఈ చెమట ఆగాలంటే ఏటి చెయ్యమంటారు?"

మాస్టారు ఆ చేతుల్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"సాయంత్రం కచేరీ ఉంది. రవ్వ నువ్వే పెట్టాలి, వేళకి రా" అన్నారు.

నేనేం అడిగాను, ఈయనేం చెప్పాడు అని పైడిరాజుకి ఒళ్ళు మండింది. కానీ గురువు మాట గురువు మాటే. మృదంగం ఎడమ మూత మీద తడిపిన బొంబాయి రవ్వ ముద్ద అంటిస్తేనే నాదం గంభీరంగా పలుకుతుంది. ప్రతి కచేరీకీ కొత్తగా అంటించాలి, అయ్యాక గీకెయ్యాలి. ఎనిమిదేళ్ళుగా ఆ పని పైడిరాజుదే. అతను అంటించిన ముద్ద ఏనాడూ ఊడింది లేదు.

ఆ రోజు మాత్రం మనవాడికి ఒక గొప్ప ఆలోచన వచ్చింది. రేపటికి తర్ఫీదు ఈ పూటే మొదలుపెడదామని, చెల్లెలి ముఖం పౌడరు డబ్బాలో సగం మణికట్ల దాకా పులుముకుని వచ్చాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి చేతులు పొడిగా ఉన్నాయని మురిసిపోయాడు. ఆ చేతులతోనే తోలు తుడిచాడు, ఆ చేతులతోనే రవ్వ అద్దాడు.

ఒక అరగంట అంతా సవ్యంగానే సాగింది. తరవాత గాయని పాట ఆపి, మృదంగాన్ని ఒక్కదాన్నే వినిపించమని మాస్టారికి సైగ చేసింది. ఆయన ఉత్సాహంగా ఎడమ చెయ్యి ఎత్తి రెండు దెబ్బలు వేశారో లేదో, రేకులోంచి ఇడ్లీ ఊడినంత సులువుగా రవ్వ ముద్ద ఊడి, ఎగిరి, పక్కనున్న వయొలిన్ ఆయన ఒళ్ళో పడింది. మృదంగం ఖాళీ నూనె డబ్బాలా మోగింది. సభలో నాలుగు వందల మంది ఉన్నారు. ముందు వరస కిసుక్కుమంది.

మాస్టారి కుడి చెయ్యి మాత్రం ఆగలేదు. వెనక కూర్చున్న పైడిరాజు వైపు తల తిప్పారు.

"పైడీ, మళ్ళీ పెట్టు."

"ఇప్పుడేటి మాస్టారూ? అందరూ చూస్తన్నారు!"

"ఇప్పుడే. ఒంటి చేత్తో ఎంతసేపని లాగను?"

పైడిరాజు అరచేతుల్లో ఊట పుట్టింది. పౌడరంతా కరిగి తెల్లగా మోచేతుల దాకా కారింది. తుడుచుకోవడానికి ఏమైనా దొరుకుతుందేమోనని చుట్టూ చూశాడు. మాస్టారు ఒళ్ళోని పాత తువ్వాలు ఎడమ చేత్తో తీసి అతని మీదికి విసిరారు. అందుకున్నాడు. పిండితే గ్లాసుడు నీళ్ళు వచ్చేలా ఉంది. తలెత్తి చూస్తే, దీపాల వెలుగులో మాస్టారి అరచెయ్యి తడితో మెరుస్తోంది.

"మాస్టారూ... మీకూనా?"

"ముప్పై అయిదేళ్ళుగా. ముందు రవ్వ పెట్టు."

పైడిరాజు ఆ తువ్వాలుతోనే తోలు మీది పౌడరు తుడిచాడు. వయొలిన్ ఆయన ఒళ్ళోంచి రవ్వ తీసుకుని మళ్ళీ పిసికి, చెమట చేతులతోనే అద్దాడు. అంటుకుంది. మాస్టారి ఎడమ చెయ్యి దిగింది. ధోం అని సభంతా నిండింది. చప్పట్లు మోగిపోయాయి. "శభాష్ కుర్రోడా!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. పైడిరాజు అంత మందిలోనూ పైకే నవ్వేశాడు. చేతులు కారుతూనే ఉన్నాయి, ఆ సంగతి అతనికి గుర్తు లేదు.

మర్నాడు విత్తనాల కంపెనీలో ఆఫీసరు చెయ్యి చాపాడు.

"ఒక్క నిమిషం సార్, నాకు చేతులకి చెమట ఎక్కువ" అని పైడిరాజు సంచిలోంచి తువ్వాలు తీసి, నింపాదిగా తుడుచుకుని, చెయ్యి కలిపాడు.

"ఇంత తువ్వాలా!" అని ఆఫీసరు నవ్వాడు. పైడిరాజూ నవ్వాడు. తరవాత మాటలు వేరుసెనగ మీదికి మళ్ళాయి. తడి విత్తనాన్ని నిలవ చేస్తే ఏమవుతుందో తడబడకుండా చెప్పాడు. తండ్రి పేరు అడిగితే తండ్రి పేరే చెప్పాడు.

మధ్యాహ్నానికల్లా కాజాల పొట్లంతో గురువుగారింట్లోకి పరిగెత్తుకొచ్చి కాళ్ళ మీద పడ్డాడు.

"ఉద్యోగం వచ్చేసింది మాస్టారూ! ఊళ్ళోనే! కానీ చెమట మాత్రం ఆగనేదు."

మాస్టారు ఒక కాజా నోట్లో వేసుకుని, పూర్తిగా నమిలి, చెయ్యి తుడుచుకోవడానికి పాత తువ్వాలు కోసం వెతికారు. అది శిష్యుడి భుజం మీద ఉంది.

"ఆగితే ఓ మాట చెప్పరా" అన్నారు. "రవ్వ పెట్టడానికి ఇంకొకణ్ణి చూసుకుంటాను."