ఒంటరి చేప కాన్పులు

మణిగిరి రాజావారికి గప్పీ చేపల పిచ్చి. ఓ ఓడ వర్తకుడు గాజుతొట్టితో సహా తెచ్చిచ్చిన ఆ బుల్లి చేపలంటే ఆయనకు ప్రాణం. అవి తన రాజ్యంలో మరో ఇంట ఉండకూడదని పంతం కూడానూ.

అలాంటి రాజావారు ఓ సాయంత్రం రాణిగారి చెలికత్తె నాంచారితో పచ్చీసు ఆడి చిత్తుగా ఓడిపోయారు. నాంచారికి బుర్రా, నోరూ రెండూ చురుకే.

"ఏం కావాలో కోరుకో" అన్నారు రాజావారు దర్జాగా.

"గప్పీల జంట ఇప్పించండి ప్రభూ."

రాజావారి మొహం మాడిపోయింది. ఇచ్చిన మాట తప్పలేరు, చేపలివ్వడానికి చెయ్యి రాదు. తొట్టి అధికారి దండపాణి వెంటనే ఆయన చెవిలో ఏదో ఊదాడు. తనంత తెలివైనవాడు భూమ్మీద లేడని దండపాణి నమ్మకం.

"జంట కుదరదు. ఒక్కటే! నచ్చింది ఏరుకో" అన్నారు రాజావారు హుషారుగా. ఒంటరి చేప పిల్లల్ని పెట్టేదెలాగ?

రంగురంగుల తోకలతో మగచేపలు ఎన్ని తిరుగుతున్నా నాంచారి వాటి వంక చూడలేదు. రంగూ రూపూ లేని ఓ బొజ్జచేపను చూపించింది. కొలువంతా పకపకా నవ్వింది. నాంచారీ నవ్వింది.

ఆరు నెలలు తిరిగేసరికి ఆమె వీధిలో ఏ ఇంట చూసినా గప్పీలే!

"మగచేపను దొంగిలించి ఉంటుంది ప్రభూ" అన్నాడు దండపాణి.

రాజావారు నాంచారిని పిలిపించి మండిపడ్డారు. "రేపే ఏరు దాటి వెళ్ళిపో! మళ్ళీ నా రాజ్యంలో అడుగు పెట్టకు!"

నాంచారికి ఊరు వదలడమంటే మాటలు కాదు. పుట్టి పెరిగిన ఊరు, తనవాళ్ళంతా ఇక్కడే. అయినా తలెత్తి నిలబడింది.

"నేను దొంగను కాను ప్రభూ. తమరు నాకిచ్చింది నిండు చూలాలిని. పుట్టినవాటిని పుట్టినట్టే వీధిలో పంచిపెట్టాను."

"సరే, మొదటి కాన్పు అలాగే అనుకుందాం" అన్నాడు దండపాణి. "మరి ఆ తర్వాత నెలనెలా పురుడెలా వచ్చిందమ్మా, మొగుడు లేకుండా?"

కొలువు గొల్లుమంది. నాంచారి రాణిగారి వైపు తిరిగింది.

"అమ్మగారూ, ఆవకాయ ఏడాదికి ఎన్నిసార్లు పెట్టిస్తారు?"

"ఎండాకాలంలో ఒక్కసారే."

"తినేదో?"

"ఏడాది పొడుగునా!"

"ఈ చేపదీ అదే పద్ధతమ్మా. ఒక్కసారి జతకట్టిందా, మగదాని బీజాన్ని కడుపులో దాచుకుని నెలనెలా కంటుంది."

రాణిగారు ఫక్కుమన్నారు. రాజావారికీ నవ్వొచ్చింది గానీ, ఆపుకున్నారు.

"మాటలకేం, బాగానే ఉన్నాయి. రుజువేదీ?"

"తమ తొట్టిలోంచే ఆడచేపనొకదాన్ని తీసి విడిగా ఉంచండి. దండపాణిగారినే కాపలా పెట్టండి. రోజూ తమరే వచ్చి మేత వేయండి. ఏరు దాటే సంగతి ఆ తర్వాత చూద్దాం."

దండపాణి ఛాతీ విరుచుకున్నాడు. "నా గది, నా తాళం! ఈగను కూడా లోపలికి రానివ్వను ప్రభూ!"

గాజు కుండలో ఇంత నాచు వేసి, ఒక్క ఆడచేపను వదిలారు. నాచు లేకపోతే ఆ తల్లే పిల్లల్ని మింగేస్తుంది మరి. దండపాణి తాళంచెవి మెళ్ళో కట్టుకుని గుమ్మం ముందే పడక వేశాడు.

కొన్నాళ్ళకు పిల్లలు పుట్టాయి.

"పాత కడుపు!" అన్నాడు దండపాణి. పిల్లల్ని తీసేయించి, కాపలా ఇంకా బిగించాడు.

మరో నెల గడిచింది. మేత వేయబోయిన రాజావారు, "ఒరే దండపాణీ!" అని కేకపెట్టారు. నాచు నిండా మళ్ళీ చేపపిల్లలు!

కొలువంతా అక్కడికే పరిగెత్తుకొచ్చింది. నాంచారి కుండలోకి తొంగిచూసి బుగ్గన వేలేసుకుంది.

"అయ్యో దండపాణిగారూ! మగచేపను ఎప్పుడు దొంగిలించారండీ? ఏరు దాటడానికి పడవ చెప్పమంటారా?"

దండపాణి ఒక్క ఉదుటున రాజావారి కాళ్ళమీద పడ్డాడు.

"లేదు ప్రభూ! నా పిల్లలమీద ఒట్టు! ఏ మగచేపా రాలేదు! ఇదొక్కటే కన్నది!"

నాంచారి చేతులు జోడించింది.

"విన్నారుగా ప్రభూ, అదే నా సాక్ష్యం."

రాజావారు పొట్ట పట్టుకుని నవ్వారు. రాణిగారికి నవ్వీ నవ్వీ కళ్ళనీళ్ళొచ్చాయి. రాజావారు తన చేతి కంకణం తీసి నాంచారికి తొడిగి, ఆ వీధి చేపలు ఆ వీధిలోనే ఉండవచ్చని చాటింపు వేయించారు. దండపాణి కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా.