పటికబెల్లం పవరు

రండి, ముందుకు జరగండి. ఆ ఫ్యాను కింద చోటుంది తల్లీ, అక్కడ కూర్చో. స్వామి దయవల్ల ఇవాళ ఒక మంచి మాట చెప్పుకుందాం.

బాలానగర్‌లో పానకాలరావుగారని ఒక పెద్దాయన ఉండేవారు. శుక్లాల ఆపరేషన్‌లో కంట్లో అమర్చే లెన్సుల పవరును కాంతితో కొలిచే యంత్రాలు తయారుచేసేవారు. వాటిని నడిపే ప్రోగ్రాం రాసేది ఆయన శిష్యురాలు వకుళ. యంత్రం తనంతట తానే లెన్సును అటూ ఇటూ జరుపుకుంటుంది. కాంతి నిలకడగా కుదిరితే అంకె చూపిస్తుంది. కుదరకపోతే ఆగిపోయి ‘తేలలేదు’ అంటుంది.

మర్నాడు కంటి ఆసుపత్రి డాక్టరమ్మ యంత్రాన్ని చూడటానికి వస్తుందనగా వకుళకు బెంగ పట్టుకుంది. ఆవిడ వద్దంటే ఇన్నాళ్ళ శ్రమా అటకెక్కినట్టే.

“గురువుగారూ, అందరి యంత్రాలూ ఏదో ఒక అంకె చెబుతాయి. మనది నలుగురిలో నోరు మూసుకుంటే పరువు తక్కువ కాదా? అందుకే, తేలనప్పుడు అప్పటిదాకా తగిలిన అంకెల సగటు తీసి చూపించేలా మార్చేశాను.”

ఆయన అప్పుడే పూజ ముగించుకుని వచ్చారేమో, చేతిలో ప్రసాదం పటికబెల్లం ఉంది. ఒక పలుకు తీసి లెన్సు ఉండాల్సిన చోట పెట్టారు.

“కానియ్యమ్మా.”

యంత్రం కాసేపు తడుముకుంది. ఆ తరువాత ఠీవిగా చూపించింది: ఇరవై ఒకటిన్నర.

పానకాలరావుగారు ఆ పలుకు తీసి నోట్లో వేసుకున్నారు. “ఇరవై ఒకటిన్నర పవరు. తియ్యగానే ఉంది. ఎవరి కంట్లో పెడదాం?”

వకుళకు నవ్వొచ్చింది. ఆ వెనకే కళ్ళు చెమర్చాయి. వెంటనే కూర్చుని, తాను చేర్చిన మార్పును తీసేసింది.

మర్నాడు డాక్టరమ్మ తెచ్చిన లెన్సుల్లో ఒకదాని దగ్గర యంత్రం ఆగిపోయింది.

“ఏమైంది దీనికి, అలిగిందా?” అంది ఆవిడ.

వకుళ ‘తేలలేదు’ అన్న మాట వైపు వేలు చూపించింది. “తనకు తేలడం లేదంటోందండీ.”

ఆవిడ లెన్సు తీసి వెలుతురుకు పట్టి చూసింది. నడిమధ్యన సన్నటి నలుసు. శుభ్రం చేసి పెడితే అంకె వచ్చింది. అప్పుడావిడ కుర్చీ దగ్గరికి లాక్కుని, “మిగతావీ పెట్టు, చూద్దాం” అంది. వెళ్ళేటప్పుడు యంత్రాన్ని ఆసుపత్రికి పంపమని చెప్పి మరీ వెళ్ళింది.

“ఆవిడ విసుక్కుని అప్పుడే లేచిపోయి ఉంటేనో, గురువుగారూ?” అంది వకుళ.

“పోయిన బేరం మళ్ళీ రావచ్చు తల్లీ. కన్ను...” అని ఆగి, ఆయన లెన్సుల పళ్ళెం మీద మూత పెట్టారు.

ఇంటికెళ్ళాక మిగతాదంతా మరిచిపోయినా, ఆ పిల్ల తాను చేర్చినదాన్ని తానే తీసేసిందే, అది ఒక్కటీ గుర్తుంచుకోండి నాయనా. మీ వంతు వచ్చిననాడు మీరూ అలాగే చేయండి.